మంచినీళ్ల డ్రమ్ము

పాలమూరులో నేను కిరాయికున్న రెండు గదుల్లో అన్నిటికంటే ఎక్కువ మర్యాద పొందిన వస్తువు ఒక నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము. బీరువాలో చీరల కింద ఉన్న కాస్త బంగారాన్ని నెలకోసారి కూడా తీసి చూసేదాన్ని కాదు. డ్రమ్మును మాత్రం రోజుకు నాలుగుసార్లు చూసుకునేదాన్ని. దాని మూత ఎప్పుడో పగిలిపోయింది. అందుకని మూతికి మా బాపు పాత ధోవతి ముక్క కప్పి, దాని మీద స్టీలు పళ్లెం పెట్టి, పళ్లెంలో చెంబు బోర్లించేదాన్ని. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన పూట పైపు పెట్టి అంచుదాకా నింపేదాన్ని. సగం తగ్గిందంటే మనసు నిలకడగా ఉండేది కాదు, మళ్లీ నింపేదాన్ని. ఆ డ్రమ్ము అడుగు చూసిన రోజు నాకు గుర్తులేదు.

ఒక్క మనిషికి ఇన్ని నీళ్లెందుకని ఇంటికి వచ్చిన తోటి టీచర్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేదాన్ని. వాళ్లు పాలమూరు వాళ్లు. వాళ్లకు నీళ్లు లేకపోవడం తెలుసు, నీళ్లుండి తాగలేకపోవడం తెలియదు. మాది నల్లగొండ జిల్లాలో, రామన్నపేట దగ్గర ఒక పల్లె. మా బోరు నీళ్లు అద్దంలా తేటగా ఉండేవి. వాటిలో ఫ్లోరైడ్ ఉండేది. చిన్నప్పుడే పళ్లు పచ్చబడేవి, వయసు ముదిరేకొద్దీ ఎముకలు బిగుసుకుపోయేవి. మా అమ్మ నలభై దాటకముందే నడుము వంగిపోయింది. తల ఎత్తి మనిషి మొహం చూడలేకపోయేది. ఇంటికి ఎవరొచ్చినా కాళ్లు చూసి గుర్తుపట్టేది. నేను బడి నుంచి రాగానే ఆమె ముందు గొంతుకూర్చుని నా మొహం చూపించేదాన్ని. అప్పుడు నవ్వేది.

అమ్మ వంగకముందు సంగతి ఒకటి చెప్పాలి. మా ఊరికి దూరంగా ఒక వ్యవసాయ బావి ఉండేది, దాంట్లో నీళ్లు మంచివని పేరు. అమ్మ రోజూ పొద్దున్నే అక్కడికి నడిచి వెళ్లి ఒక బిందె తెచ్చేది. ఆ బిందె నా ఒక్కదానికే. తను, బాపు బోరు నీళ్లే తాగేవాళ్లు. పోనీ తెచ్చినదాంట్లో ఒక గుక్క తాగరాదా అంటే, తనకు ఆ నీళ్ల రుచి నచ్చదని చెప్పేది. నేను నమ్మాను. పిల్లలకు కావలసినవి నమ్మడం పెద్ద కష్టం కాదు. రాష్ట్రం వచ్చాక కృష్ణా నీళ్లు మా ఊళ్లోకి నల్లాల్లో వచ్చాయి. అప్పటికి బాపు లేడు. అమ్మ పోయి రెండేళ్లయింది.

నా ఎముకలు నిటారుగా ఉన్నాయి. అయినా నాకు వచ్చిన రెండు మూడు సంబంధాలూ ఊరి పేరు వినగానే వెనక్కి తిరిగాయి. రేపు పిల్ల కూడా వంగిపోతే ఎవరు చేస్తారని ఒకాయన మా చిన్నాయనను మొహం మీదే అడిగాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ కోపంతోనే చదివాను, ఆ కోపంతోనే పోటీ పరీక్ష రాసి సర్కారు బడిలో తెలుగు టీచర్ని అయ్యాను. సొంత జిల్లాలో పోస్టు రాలేదు. ఒక ట్రంకుపెట్టె, ఈ డ్రమ్ము పట్టుకుని పాలమూరు వచ్చి ఆ రెండు గదుల్లో దిగాను. ఇంటి యజమానులు హైదరాబాదులో ఉండేవాళ్లు. ఆదివారం నోరు తెరిచి ఒక్క మాట కూడా మాట్లాడకుండా పొద్దు గడిపిన రోజులు చాలా ఉన్నాయి. సోమవారం మొదటి పీరియడ్‌లో గొంతు పెగిలేది కాదు.

అదే ఇంటి పక్క పోర్షన్‌లో ఒక అవ్వ ఉండేది. ఆమె కూడా ఒంటరిదే. జొన్నరొట్టెలు చేసి అమ్మేది. బస్టాండ్ దగ్గర పనిచేసేవాళ్లు, గదుల్లో ఉండి చదువుకునేవాళ్లు సాయంత్రం వచ్చి పట్టుకుపోయేవాళ్లు. మా రెండు వంటిళ్లకూ మధ్య ఒకటే గోడ. నేను బడి నుంచి వచ్చి చీర మార్చుకునే వేళకు గోడ అవతల తప్ తప్‌మని రొట్టె తట్టే చప్పుడు మొదలయ్యేది. ఒక్కో రొట్టెకు ఎన్ని దెబ్బలో నాకు లెక్క తెలుసు. ఆ చప్పుడు వింటూ కాపీలు దిద్దుకునేదాన్ని. అదే నా సాయంత్రపు తోడు. మరి లేచి వెళ్లి ఆమె దగ్గర కూర్చోవచ్చు కదా అంటారా? వెళ్లలేదు. ఎదురుపడితే తిన్నావా అంటే తిన్నావా అనుకోవడమే. మనుషులు వెనక్కి తిరగకముందే నేనే తిరిగిపోవడం అప్పటికే అలవాటు చేసుకున్నాను.

శుక్రవారం శుక్రవారం ఆశా కార్యకర్త వీధిలోకి వచ్చేది. ఇంటింటికీ తిరిగి తొట్లు, కుండీలు, కూలర్లు ఖాళీ చేయించేది. నా గుమ్మం దగ్గరికి వస్తే మాత్రం నేను చేతులు అడ్డం పెట్టేదాన్ని. మురుగు నీళ్లుంటే పారబోయమ్మా, ఇవి మంచినీళ్లు, కృష్ణా నీళ్లు అనేదాన్ని. టీచర్‌ను కదా, ఆమె ఎక్కువ మాట్లాడలేక వెళ్లిపోయేది. ఆ ఏడు వానలు మొదలవగానే బడి పిల్లలతో దోమల మీద ర్యాలీ తీయించింది నేనే. నినాదాలు రాసిందీ నేనే. నిలవ నీటి మీద ప్రాస కుదరక రెండు రోజులు కుస్తీ పట్టాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ మాత్రం గెలిచాను.

అది కరోనా తగ్గిన తర్వాతి వానాకాలం. ఒక సోమవారం పొద్దున బోర్డు మీద పాఠం పేరు రాస్తుంటే చాక్‌పీసు జారి పడింది. వంగి తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. మణికట్టులో మేకు దిగినట్టు నొప్పి. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. చీలమండలు, మోకాళ్లు, వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ వేరుగా నొప్పెట్టసాగాయి. ఆటో దిగి గేటు నుంచి గుమ్మందాకా నడవడానికి గోడ పట్టుకున్నాను. నడుము నిలబెట్టలేక వంగే నడిచాను. అప్పుడు నేల మీద నా పాదాలు తప్ప ఇంకేమీ కనబడలేదు. నాకు అనుమానం రాలేదు, నిశ్చయమే అయిపోయింది. అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది.

జ్వరం ఉందిగా, ఫ్లోరైడ్‌కు జ్వరమెక్కడిది అని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. మా ఊరివాళ్లం కీలు నొప్పి పుడితే ఆలోచించం. పేరు ముందే పెట్టుకుని ఉంటాం. దవాఖానకు పోలేదు, దానికి మందు లేదని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మంచం మీద పడుకుని అమ్మ మోసిన బిందెలన్నీ తలచుకుని ఏడ్చాను. అన్ని బిందెలూ వృథా అయ్యాయి కదా అని. రెండు రోజులు ఆ ఏడుపు విన్నవాళ్లు లేరు. బడికి ఫోన్ చేసి సెలవు చెప్పాను, అంతే.

బుధవారం పొద్దున తలుపు తోసుకుని అవ్వ లోపలికి వచ్చింది. ఆమె నా గడప దాటడం అదే మొదటిసారి.

"నల్లా వచ్చినా నీ డ్రమ్ము సప్పుడు రాలే బిడ్డా," అంది. "గందుకే వచ్చిన."

అంటే గోడకు అవతలి పక్క కూడా చెవి ఉందన్నమాట. ఆమె రొట్టె చప్పుడు నేను విన్నట్టే నా డ్రమ్ము నిండే చప్పుడు ఆమె వినేది. జ్వరమా అని నుదురు మీద చేయి పెట్టింది. కరోనా తర్వాత జ్వరం అంటే వీధిలో తలుపులు మూసుకునేవాళ్లు. ఈమె కూడా వెళ్లిపోతుందేమోనని భయపడి, ఇది అంటుకునేది కాదవ్వా, మా ఊరి నీళ్ల జబ్బు, ఎముకలది అని చెప్పాను. అబద్ధమని నాకు తెలియదు. కానీ ఆమె ఉండాలనే చెప్పాను.

ఉండింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చేది. పాలల్లో నానబెట్టిన రొట్టె చెంచాతో తినిపించేది. నా చేతిలో చెంచా నిలిచేది కాదు. మంచం డ్రమ్ము పక్కనే ఉండేది, ఆమె ఆ రెండిటి మధ్య చాప వేసుకుని కూర్చునేది. చలి అని నేను ఫ్యాన్ వేయనివ్వలేదు. పట్టపగలు ఈ దోమలేంది అని కొంగుతో తన కాళ్ల మీదా నా కాళ్ల మీదా విసురుతూ కబుర్లు చెప్పేది. ఆమెకు మక్తల్ దిక్కు ఇచ్చిన బిడ్డ ఒక్కతే. వచ్చి ఉండమని ఆ బిడ్డ ఎన్నోసార్లు పిలిచిందట. అల్లుడు మంచివాడేనట. అయినా బిడ్డ ఇంట్లో అన్నం తిని పడుండడం తన వల్ల కాదంది.

"రెండు చేతులున్నంతకాలం నా పొయ్యి నాకుండాలె," అంది. "చేతులు పోయిన్నాడు చూద్దాం."

శుక్రవారం ఆశా కార్యకర్త వచ్చింది. అడ్డం పెట్టడానికి నాకు చేతులు లేవలేదు. నా మోచేతుల మీద ఎర్రటి దద్దుర్లు చూసి ఆమె గట్టిగా నిట్టూర్చింది. వీధి చివర ఇళ్లలో కూడా ఇలాంటి జ్వరాలే ఉన్నాయట. నేరుగా డ్రమ్ము దగ్గరికి వెళ్లి పళ్లెం తీసి, ఒక పక్క జారి ఉన్న గుడ్డ తీసి, సెల్‌ఫోన్ లైటు వేసింది. ఒక చెంబు నీళ్లు ముంచి నా మంచం దగ్గరికి తెచ్చి చూపించింది. చెంబులో వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతూ కిందికి పోతున్నాయి, మళ్లీ పైకి వస్తున్నాయి. గుడ్డ కింద, ఎవరూ కదిలించని చోట, నేను రోజుకు నాలుగుసార్లు చూసుకునే నీళ్లలో.

ఆమె డ్రమ్మును వాకిట్లోకి ఈడ్చి వంచింది. నీళ్లన్నీ గేటుదాకా పారాయి. నేను మంచం మీద నుంచి అరిచాను. నీళ్ల విలువ నీకేం తెలుసు, నీకు తల్లి వంగిపోయిందా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె పాపం కొబ్బరిపీచు తీసుకుని డ్రమ్ము గోడలు రుద్దుతూనే ఉంది. గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయట, ఉత్తగా పారబోస్తే పోవట. అవ్వ తన గుమ్మంలో నిలబడి అటే చూస్తోంది. నేను ఆమెను పట్టించుకోలేదు.

ఆ కార్యకర్తే నన్ను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది. ఇందాక తిట్టిన నోటితో ఆమె భుజం మీద వాలిపోయాను. డాక్టర్‌కు ఫ్లోరైడ్ కథ మొత్తం చెప్పాను. ఆయన నా చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫ్లోరైడ్ గిట్ల సోమవారం పొద్దుగాల రాదు టీచర్‌గారూ," అన్నాడు. "అది ఏండ్లకేండ్లు పడుతది. ఇది దోమ తెచ్చింది."

రక్తపరీక్షలో చికున్‌గున్యా అని తేలింది. ఆ దోమ పగలే కుడుతుందనీ, మురుగులో కాదు, ఇళ్లలో నిలవ ఉంచిన మంచి నీళ్లలోనే పెరుగుతుందనీ ఆయన చెప్పాడు. జ్వరమున్న మనిషిని కుట్టిన దోమ కొన్నాళ్లకు ఇంకో మనిషిని కుడితే వాళ్లకూ వస్తుందట. వైరస్‌కు మందు లేదు, జ్వరానికి గోలీలు, బాగా నీళ్లు, విశ్రాంతి, అంతే. కీళ్ల నొప్పులు కొందరికి వారాల్లో, కొందరికి నెలల్లో తగ్గుతాయి, వయసు మీద పడ్డవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం ఉండొచ్చు అన్నాడు. నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఫ్లోరైడ్ కాదు. అమ్మ బిందెలు వృథా కాలేదు. ఆటోలో ఇంటికి వస్తూ, ఒళ్లంతా నొప్పులతో, సంతోషపడ్డాను. కొండనాలుకకు మందేసి ఉన్న నాలుక ఊడగొట్టుకున్నానని అప్పటికింకా తట్టలేదు. పైగా ఊడింది నా నాలుక ఒక్కటే కాదు.

మరుసటి బుధవారం సాయంత్రం గోడ అవతల చప్పుడు లేదు.

నేను గోడ పట్టుకుని నడిచి వెళ్లాను. పొయ్యి చల్లగా ఉంది. పిండి తడిపిన పళ్లెం పక్కన అవ్వ ఒళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. రొట్టె కోసం వచ్చినవాళ్లు ఇద్దరు గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయారు. ఆమె నుదురు మీద చేయి పెట్టగానే నాకు అర్థమైంది. ఆమె చాప ఎక్కడ వేసుకుని కూర్చుందో, ఎవరి కాళ్ల మీది దోమలను తోలిందో అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. వీధంతా జ్వరాలున్నాయి, ఎవరింటి దోమో ఎవరు చూశారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆమె జ్వరం వారంలో పోయింది. నొప్పులు పోలేదు. నా వేళ్లు మూడు నెలలకు దారికొచ్చాయి, చాక్‌పీసు నిలిచింది. ఆమెకు వేళ్లు సగం ముడుచుకుని అక్కడే ఆగిపోయేవి. పొద్దున లేవగానే చేతులు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చునేది. జొన్నరొట్టెను అరచేయి పూర్తిగా చాచి తట్టాలి, కాస్త వంకరైనా అంచు పగిలిపోతుంది. ఆమె అరచేయి చాచలేకపోయేది. దవాఖానకు తీసుకెళ్లాను, గోలీలు ఇప్పించాను, నూనె మర్దన చేశాను. తగ్గినట్టే తగ్గి, ముసురు పట్టగానే మళ్లీ వాచేవి.

ఆమెకు చేతులు లేకపోతే పొయ్యి ఉండదు. అది నాకు బాగా తెలుసు. అందుకని నేనే ఆమె పీట ముందు కూర్చున్నాను. బడి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, వేడినీళ్లు పోసి పిండి పిసికేదాన్ని. ఆమె పక్కన కూర్చుని చెప్పేది, నేను తట్టేదాన్ని. ఇన్నేళ్లు దెబ్బలు లెక్కపెట్టాను కదా, నాకు వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. ఒకటి దేశపటంలా వచ్చేది, ఇంకొకటి పెనం మీద వేసేలోపు రెండు ముక్కలయ్యేది. గంతమంది పిల్లలకు సున్నా చుట్టుడు నేర్పిన చేతులకు రొట్టె గుండ్రంగ రాదా బిడ్డా అని ఆమె నవ్వేది. కొనేవాళ్లు కొన్నాళ్లు మొహమాటానికి తీసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. మిగిలిన విరిగిన రొట్టెలు మేమిద్దరం పచ్చిపులుసుతో తినేవాళ్లం. సిగ్గులేకుండా నిజం చెప్పాలంటే, నా బతుకులో నేను సంతోషంగా ఉన్న సాయంత్రాలు అవే. ఎవరి నొప్పి మీద కూర్చుని సంతోషపడుతున్నానో కూడా ప్రతిరోజూ గుర్తుకొచ్చేది.

చలికాలం చివర్లో అవ్వ బిడ్డ వచ్చింది. తల్లి చేతులు చూసి వెంటనే సామాను కట్టడం మొదలుపెట్టింది. అవ్వ కాదనలేదు. పెనం మాత్రం మూట కట్టనివ్వలేదు, గోడ పక్కన పెట్టించింది.

బిడ్డ ఆటో తేవడానికి వెళ్లినప్పుడు మేమిద్దరమే మిగిలాం. అవ్వ గడప మీద కూర్చుని ఉంది. నేను ఆమె ముందు గొంతుకూర్చున్నాను. ఆమె తల ఎత్తగలదు, అలా కూర్చోవలసిన అవసరం లేదు. కానీ నాకు ఇంకో తీరు తెలియదు.

"అవ్వా, నీ చేతులు నా డ్రమ్ము వల్లనే పోయినయి," అన్నాను. "నాకు తెలిసి గూడ చెప్పలే."

"ఎరుకనే బిడ్డా," అంది. "ఆశమ్మ నీళ్లు పారబోసిన్నాడు నేను గుమ్మంలనే ఉంటిని గద. పురుగులు నా కాళ్లకాడికే కొట్టుకొచ్చినయి."

"మరి ఒక్క మాట అనకపోతివి."

"ఏమంట?" అంది. ముడుచుకున్న వేళ్లతో నా గడ్డం పట్టుకోబోయి, పట్టు దొరకక, చేయి నా చెంప మీద ఆనించి ఊరుకుంది. "అంటె నువ్వు మొకం చెల్లక రాకపోదువు. చేతులు పోనే పోయె. నువ్వు గూడ రాకపోతె నాకు పొద్దెట్ల పోవాలె?"

ఆటో వచ్చింది. మక్తల్ బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, గోలీలు ఏ పూటవి ఆ పూట వేసుకొమ్మని రెండుసార్లు చెప్పాను.

పక్క పోర్షన్ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నేను శుక్రవారం శుక్రవారం డ్రమ్ము వంచి, నీళ్లు వాకిట్లో జామచెట్టుకు పోసి, కొబ్బరిపీచుతో అంచులు రుద్ది, ఎండలో బోర్లిస్తాను. మంచినీళ్లు అలా పారిపోతుంటే ఇప్పటికీ చూడలేను, మొహం తిప్పుకుని పోస్తాను. మొదట్లో అవ్వ బిడ్డ ఫోన్ నుంచి మాట్లాడేది, డ్రమ్ము కడిగినవా అని అడిగేది. ఈమధ్య నేను ఫోన్ చేస్తేనే. వినికిడి తగ్గిందట, బిడ్డే మధ్యలో మాట అందిస్తుంది. సాయంత్రం చీర మార్చుకుని, ఆమె వదిలిపోయిన పెనం పొయ్యి మీద పెట్టి నా ఒక్కదానికి ఒక్క రొట్టె తట్టుకుంటాను. ఈమధ్య గుండ్రంగానే వస్తోంది, అంచు కూడా పగలడం లేదు. గోడ అవతలికి వినబడాలని కొంచెం గట్టిగానే తడతాను. అవతల ఎవరూ లేరు.